'తిను' తర్వాత నేర్పవలసిన మాట 'చాలు'



ఈసారి వ్యాకరణం కాదు, వంటింటి సంగతి. నాది ఒక అభిప్రాయం. ఒప్పుకోకపోయినా పూర్తిగా చదవండి. ఎప్పటిలాగే చివర మాటల పట్టిక ఉంది.

నా అభిప్రాయం ఇది: పిల్లల బరువు పిల్లల పని కాదు, ఇంటి పని. ఎనిమిదేళ్ళ పిల్ల బజారుకు వెళ్ళి సరుకులు కొనదు. కూల్‌డ్రింక్ సీసా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టదు. కారు తాళాలు ఆమె చేతిలో ఉండవు. కానీ ఆమె కొంచెం లావైతే మనం ఆమెనే తప్పు పడతాం. ఇది న్యాయం కాదు. మారవలసింది ఇల్లు. నేను ప్రతి ఆదివారం సేవ చేసే గుడి హాలు కూడా మారాలి.

చెరకు నుంచి సీసా దాకా

డర్బన్ చుట్టుపక్కల పుట్టిన మనకు ఈ విషయం పరాయిది కాదు. మన ముందు తరాలు ఈ దేశానికి వచ్చింది చక్కెర వల్లే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువాళ్ళు ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. మౌంట్ ఎజ్‌కూమ్, టోంగాట్, ఉమ్‌జింటో ప్రాంతాల తోటల్లో వాళ్ళు చెరకు నరికారు.

"మా తాతలు ఇంతంత అన్నం తినేవాళ్ళు, వాళ్ళకు ఏమైంది?" అని గుడిలో ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతారు. వాళ్ళు అన్నం తిన్నారు, నిజమే. తిన్నదంతా ఎండలో, చెరకు తోటలో ఖర్చయింది. మనం అదే గిన్నెడు అన్నం తిని కుర్చీలో కూర్చుంటాం. గిన్నె మారలేదు, పని మారింది. ఆ పైన, వాళ్ళకు లేని ఒక వస్తువు మనకు వచ్చింది. అదే తీపి నీళ్ళ సీసా. వాళ్ళు నరికిన చెరకు మునిమనవళ్ళ దగ్గరకు ఆ రూపంలో తిరిగి వచ్చింది.

మన ఇళ్ళలో 'షుగర్' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి టీలో వేసుకునేది. రెండోది జబ్బు. "ఆయనకు షుగర్ ఉంది" అని మనం అన్నట్టే హైదరాబాదులోనూ, విజయవాడలోనూ అంటారు. పుస్తకాల తెలుగులో దాని పేరు మధుమేహం. మన సమాజంలో ఈ జబ్బు ఎంత ఎక్కువో చెప్పడానికి నాకు లెక్కలు అక్కరలేదు. గుడిలో భోజనాల దగ్గర చేతిసంచిలోంచి మాత్రలు తీసేవాళ్ళను చూస్తే చాలు. మా పెద్దన్నయ్యకు ఈ జబ్బు వల్లే రెండు కాలివేళ్ళు తీసేశారు. ఆయన కూర్చునే వరుసలోనే పదేళ్ళ పిల్లలు కూర్చుని ఎర్రటి కూల్‌డ్రింక్ తాగుతారు. అది చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

సన్నగా కనిపించినా

ఇంకొక విషయం కూడా తెలుసుకోవాలి. మన శరీరాల తీరు వేరు. పుణెలో పనిచేసిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చాలా ఏళ్ళు పసిపిల్లలను పరిశీలించారు. భారతీయ శిశువులు ఇంగ్లండులో పుట్టిన తెల్లవారి శిశువుల కంటే తక్కువ బరువుతో పుడతారు. అయినా వాళ్ళ ఒంట్లో కొవ్వు భాగం తక్కువగా ఉండదు. తగ్గేది ముఖ్యంగా కండ. అంటే చూడటానికి సన్నం, లోపల కొవ్వు. ఈ తీరు పెద్దయ్యాక కూడా కనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఒక సూచన చేశారు. ఆసియా పెద్దవాళ్ళ విషయంలో బీఎంఐ 25 దాకా ఆగకండి, 23 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టండి అన్నారు.

ఇది పెద్దల లెక్క. పిల్లలకు ఈ అంకె వాడకూడదు. పిల్లలు ఎదుగుతూ ఉంటారు కాబట్టి వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అనేదాన్ని బట్టి వేరే పట్టికలు ఉన్నాయి. అవి నర్సు దగ్గర ఉంటాయి. చిన్నపిల్లలకైతే మన క్లినిక్కులు ఇచ్చే రోడ్ టు హెల్త్ పుస్తకంలోనే ఉంటాయి. ఇంట్లో రోజూ త్రాసు మీద నిలబెట్టడం వద్దు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో క్లినిక్కులో చూపిస్తే చాలు.

దీన్ని బట్టి నాకు అర్థమైంది ఒకటే. మంచి అలవాట్లు లావుగా ఉన్న పిల్లలకు మాత్రమే కాదు. ఇంట్లో సన్నగా ఉన్న అన్నయ్యకూ అదే భోజనం, అదే నీళ్ళు, అదే నడక కావాలి. ఒకరికి వేరే కంచం పెడితే అది శిక్ష. అందరికీ ఒకే కంచం పెడితే అది అలవాటు.

మొదట సీసా

ఒక్క పని మాత్రమే చేయగలం అంటే ఏది చేయాలి? నా జవాబు: తీపి పానీయాలు ఇంట్లోంచి తీసేయండి. మిగతావి తర్వాత చూడవచ్చు.

లెక్క చూడండి. పూర్తి చక్కెరతో చేసిన కోలాలో ప్రతి 100 మి.లీ.కు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 250 మి.లీ. గ్లాసులో సుమారు 26 గ్రాములు. అంటే ఆరు చెంచాల పైన. రెండు లీటర్ల సీసాలో 200 గ్రాములు దాటుతుంది. పిల్లవాడికి టీలో ఆరు చెంచాల చక్కెర వేసి ఇస్తే ఏ అమ్మ అయినా అరుస్తుంది. సీసాలోంచి పోస్తే ఎవరూ అరవరు.

కలిపిన చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర అన్నీ కలిసి రోజు తిండిలో పదో వంతు శక్తికి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అందులో సగమైతే ఇంకా మంచిది అంది. రోజుకు 1,600 కేలరీలు తినే పిల్లకు పదో వంతు అంటే 40 గ్రాములు. సగం అంటే 20 గ్రాములు. ఒక్క గ్లాసు కోలాతోనే ఆ 20 దాటిపోయింది.

పండ్ల రసం అయితే మంచిదే కదా అంటారు. నూరు శాతం పండ్ల రసంలో కూడా చక్కెర దాదాపు కోలా అంతే ఉంటుంది. పండును పండుగానే తింటే పీచు ఉంటుంది, నమలాలి, కడుపు నిండుతుంది. మూడు నారింజలు తినడానికి సమయం పడుతుంది. మూడు నారింజల రసం అర నిమిషంలో లోపలికి వెళ్తుంది.

మన ప్రభుత్వం కూడా ఈ విషయం గుర్తించింది. 2018 ఏప్రిల్ 1 నుంచి తీపి పానీయాల మీద పన్ను ఉంది. 100 మి.లీ.లో మొదటి 4 గ్రాముల చక్కెరకు పన్ను లేదు. ఆ పైన ప్రతి గ్రాముకూ ఉంది. పన్ను వచ్చాక చాలా కంపెనీలు తమ పానీయాల్లో చక్కెర తగ్గించాయి. కంపెనీ తగ్గించగలిగితే గుడి తగ్గించలేదా?

మా గుడి కమిటీలో దీని మీద పెద్ద వాదన జరిగింది. "ఎవరో భక్తులు ప్రేమగా సీసాలు తెచ్చి ఇస్తే ఎలా వద్దంటాం?" అని ఒక అన్నయ్య అడిగారు. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది: దానం వద్దనకూడదు, నిజం. కానీ ఏమి కావాలో ముందే చెప్పవచ్చు. పూలు కావాలంటే పూలు అని చెబుతాం. నూనె కావాలంటే నూనె అని చెబుతాం. అలాగే "నిమ్మకాయలు, పెరుగు, పండ్లు తెండి" అని బోర్డు మీద రాయవచ్చు. ఇప్పుడు మా హాలులో కూజాల్లో నీళ్ళు, నిమ్మ ముక్కలు వేసిన నీళ్ళు, మజ్జిగ ఉంటాయి. మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఉప్పు వేస్తాం. మొదటి వారాల్లో పిల్లలు ముఖం చిట్లించారు. కొందరు పెద్దలు పిల్లల కంటే ఎక్కువ చిట్లించారు. ఆట ఆడి దాహంతో వచ్చిన పిల్లలు తర్వాత అవే తాగారు. దాహానికి నీళ్ళే సరైన జవాబు. అది పిల్లలకు మనం నేర్పనవసరం లేదు, మనం అడ్డు రాకుండా ఉంటే చాలు.

'చాలు' అంటే చాలు

ఇప్పుడు భాష గురించి. తెలుగు అంతగా రాని మన పిల్లలకు కూడా కొన్ని తెలుగు మాటలు తెలుసు. వాటిలో మొదటిది ఏది? మా తరగతిలో అడిగాను. ఎక్కువమంది "తిను" అన్నారు. తర్వాత "రా", "కూర్చో", "ఇంకొంచెం". 'చాలు' అనే మాట చాలామందికి తెలియదు.

నాకు ఇది చిన్న విషయం అనిపించలేదు. మనం 'తిను' నేర్పాం, 'చాలు' నేర్పలేదు. పాత పద్ధతిలో విస్తరి ముందు కూర్చున్న మనిషి చాలు అనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. మంచి వడ్డన తెలిసినవాళ్ళు అది చూసి ఆగుతారు. కానీ మన ఇళ్ళలో ఆగడం మర్యాద కాదు. "మొహమాటపడకు" అంటాం. "నా కోసం ఒక్క ముద్ద" అంటాం. కొసరి కొసరి వడ్డిస్తాం. కడుపు నిండిందని పిల్ల చెబితే, ఆ పిల్ల కడుపు సంగతి ఆ పిల్ల కంటే మనకే బాగా తెలుసు అన్నట్టు ఇంకో గరిటె వేస్తాం.

ఇందులో ప్రేమ ఉంది, నేను కాదనను. ఆకలి చూసిన తరాలకు నిండిన కంచం అంటే భద్రత. బొద్దుగా ఉన్న బిడ్డ అంటే బతికే బిడ్డ. అందుకే "బొద్దుగా ముద్దుగా" అనే మాట మన నోట వస్తుంది. చుట్టాలింటికి వెళ్తే "చిక్కిపోయావు" అనడమే మన పలకరింపు. ఆ భయానికి అప్పట్లో కారణం ఉంది. ఇప్పుడు మన పిల్లల్లో చాలామంది చుట్టూ ఉన్నది ఆకలి కాదు, ఎక్కడ చూసినా తిండి. స్కూలు టక్ షాపులో తిండి, పెట్రోల్ బంకులో తిండి, ఫోనులో ఆర్డరు చేస్తే ఇంటికే తిండి. ఇలాంటి చోట 'చాలు' అని తెలుసుకోవడమే పిల్లలకు రక్షణ. ఆ తెలివి పుట్టుకతోనే వస్తుంది. పాలు చాలనుకున్న పసిబిడ్డ ముఖం తిప్పేస్తుంది. దాన్ని మరచిపోయేలా చేసేది మనమే.

ఎలెన్ సాటర్ అనే అమెరికా ఆహార నిపుణురాలు ఒక మంచి సూత్రం చెప్పారు. పనిని రెండుగా పంచండి అంటారు. ఏమి తినాలి, ఎప్పుడు తినాలి, ఎక్కడ తినాలి అనేది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని. పెద్దలు పిల్లల పని చేయకూడదు, పిల్లలకు పెద్దల పని అప్పగించకూడదు. మన ఇళ్ళలో చాలాసార్లు ఇది తలకిందులుగా ఉంటుంది. ఏమి వండాలో పిల్లలు చెబుతారు: చిప్స్, పిజ్జా. ఎంత తినాలో అమ్మ చెబుతుంది: కంచం ఖాళీ చేయాలి.

నేను కోరేది ఇంతే. బల్ల మీద పప్పు, కూర, అన్నమో రొట్టో, పెరుగు, పండు పెట్టండి. టీవీ కట్టేయండి. అందరూ కలిసి కూర్చోండి. పిల్లలే వడ్డించుకోనివ్వండి. "చాలు" అంటే "సరే" అనండి. "ఇంకా కావాలి" అంటే, కూర కావాలన్నా అన్నం కావాలన్నా ముఖం మాడ్చకండి. భోజనానికీ భోజనానికీ మధ్య వంటింటి తలుపు అస్తమానం తెరిచి ఉంచకండి. సమయానికి ఒక చిరుతిండి చాలు.

పురటాసి మనకు నేర్పింది

"కుటుంబం మొత్తం మారడం కష్టం" అంటారు. నేను నవ్వుతాను. మన ఇళ్ళు ఏటా మారుతూనే ఉన్నాయి. పురటాసి నెల వస్తే ఏం చేస్తాం? సెప్టెంబరులో మొదలై అక్టోబరు దాకా మనలో చాలా ఇళ్ళలో మాంసం ఉండదు. కుండలు తోమి పక్కన పెడతాం. ఫ్రీజర్ ఖాళీ చేస్తాం. తాత తినడు, అమ్మ తినదు, పిల్లలు తినరు. ఎవరికీ వేరే గిన్నె ఉండదు. "నువ్వు ఒక్కదానివే మానేయాలి" అని ఎవరినీ అనం. శనివారం గోవిందా అంటూ అందరం కలిసి అరిటాకులో తింటాం. పిల్లలు మారాం చేయరు, ఎందుకంటే ఇంట్లో అందరూ అదే చేస్తున్నారు.

అంటే ఒక ఇల్లు మొత్తం ఒక రోజున ఒక అలవాటు మార్చుకోగలదు. మనకు ఆ బలం ఉంది. దాన్ని ఏడాదికి ఒక నెలకే ఎందుకు పరిమితం చేయాలి? పురటాసిలో మాంసం మానినట్టు, మిగతా ఏడాదంతా వారం రోజుల్లో కూల్‌డ్రింక్ మానవచ్చు. పుట్టినరోజుకు, పెళ్ళికి తాగితే తాగనివ్వండి. పండుగ తిండి పండుగకు ఉండాలి. పండుగ తిండి మంగళవారం సాయంత్రానికి వచ్చినప్పుడే చిక్కు. దీపావళి మిఠాయి నేనూ చేస్తాను, పిల్లలకు పెడతాను. దాన్ని విషం అని పిల్లలకు చెప్పను. అలా చెబితే వాళ్ళు దాచుకుని తింటారు.

ప్రసాదాన్ని కూడా గమనించండి. పూజారి ప్రసాదం ఎంత పెడతారు? అరచేతిలో పట్టినంత. కళ్ళకు అద్దుకుని, మెల్లగా తింటాం. అది తక్కువైందని ఎవరూ గొడవ చేయరు. తీపికి మన పెద్దలు పెట్టిన కొలత అదే. డబ్బాలో సర్ది ఇంటికి ఇచ్చే కొలత తర్వాత వచ్చింది.

వండే వస్తువులు కూడా మనకు కొత్త కాదు. షుగర్ బీన్స్ కూర, పప్పు, తోటకూర, గుమ్మడికాయ, చేమదుంప. చేమదుంపను ఇక్కడ మనం మడుంబి అంటాం, జులూ వాళ్ళ దగ్గర నేర్చుకున్న పేరు. ఉడకబెట్టి ఉప్పు వేసుకుంటే చాలు. ఇవన్నీ మన అవ్వలు వండినవే. సూపర్ మార్కెట్‌లో 'ఆరోగ్యం' అని రాసిన ఖరీదైన డబ్బాలు కొననవసరం లేదు. బన్నీ చౌ నాకూ ఇష్టమే. అది వారం వారం రావలసిన అతిథి కాదు, అంతే.

ఆట, నడక

అయిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా పిల్లలకు రోజుకు సగటున ఒక గంట ఒళ్ళు కదిలే ఆట కావాలి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మేము చిన్నప్పుడు ఈ గంటను ఎవరూ లెక్కపెట్టలేదు. స్కూలుకు నడిచేవాళ్ళం. సాయంత్రం వీధిలో త్రీ టిన్స్ ఆడేవాళ్ళం. తెలుగునాట ఇలాంటి ఆటనే ఏడు పెంకులాట అంటారని నేను తెలుగు నేర్చుకున్నాకే తెలిసింది. అక్కడ పెంకులు, ఇక్కడ డబ్బాలు. బంతితో కొట్టి పడగొట్టాలి, మళ్ళీ పేర్చాలి.

ఇప్పుడు వీధి భయం. గేటు వెనక గేటు, దాని పైన కరెంటు తీగ. పిల్లలను బయటకు పంపని అమ్మలను నేను తప్పు పట్టను, వాళ్ళ భయం నిజమైనది. అందుకే పిల్లలు ఆడుకోవడానికి నలుగురూ ఉండే చోటు కావాలి. మన గుళ్ళకు ఆవరణ ఉంది, గేటు ఉంది, పెద్దవాళ్ళు ఉన్నారు. ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలను గంటన్నర కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టాలి? సగం సమయం బయట నేర్పవచ్చు. "పరుగెత్తు, ఆగు, ఎగురు, పట్టుకో, విసురు" అనే క్రియలు పరుగెత్తుతూ నేర్చుకుంటే మరచిపోరు. ఒకటి నుంచి వంద దాకా అంకెలు తాడాటలో వస్తాయి. కోలాటం అయితే పాట, లెక్క, చెమట మూడూ కలిసి వస్తాయి. మా తరగతిలో ఇలా చేస్తున్నాం. పుస్తకం ముందు నోరు విప్పని అబ్బాయి ఆటలో "నాది! నాది!" అని అరిచాడు. అతను మొదట మాట్లాడిన తెలుగు అదే.

పెద్దలు కూడా కదలాలి. పిల్లలు మన మాట వినరు, మనల్ని చూస్తారు. శనివారం ఉదయం ఎనిమిదికి చాలా ఊళ్ళలో పార్క్‌రన్ ఉంటుంది. ఐదు కిలోమీటర్లు, డబ్బు కట్టనక్కరలేదు, పరుగెత్తలేకపోతే నడవవచ్చు. లేదా డర్బన్ సముద్రతీరంలో ప్రొమెనేడ్ మీద అమ్మమ్మతో నడక. అమ్మమ్మ వేగం పిల్లలకు తక్కువే అనుకోండి. వాళ్ళు ముందుకు పరుగెత్తి వెనక్కు వస్తారు, రెండింతలు నడిచినట్టు అవుతుంది.

నిద్ర గురించి ఒక్క మాట. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. తక్కువ నిద్రపోయిన పిల్లలకు ఆకలి, తీపి మీద మనసు ఎక్కువవుతాయి. రాత్రి ఫోను పిల్లల గదిలో కాదు, వంటింట్లో పడుకోవాలి. అమ్మానాన్నల ఫోను కూడా.

మాటతో కొట్టకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. మా హాలులో ఒకసారి భోజనాల వరుసలో ఒక పెద్దాయన ఒక పిల్లను చూసి, "నీకు రెండు కంచాలు కావాలేమో!" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ పిల్ల కంచం అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. తర్వాత మూడు నెలలు తెలుగు తరగతికి రాలేదు. ఒక్క వాక్యం వల్ల ఒక పిల్లకు భోజనం పోయింది, గుడి పోయింది, భాష పోయింది. ఆమె బరువు మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు.

నేను ఆమె ఇంటికి వెళ్ళాను. బరువు మాట ఎత్తలేదు. "కోలాటానికి ఒక కర్ర తక్కువైంది, వస్తావా అమ్మా?" అన్నాను. వచ్చింది. ఇప్పుడు చిన్నపిల్లలకు అడుగులు ఆమే నేర్పుతుంది. ఆమె లావా సన్నమా అని నేను చూడను. చెమట పట్టి నవ్వుతూ మజ్జిగ తాగడం చూస్తాను.

'లావు', 'బండ', 'గుమ్మడికాయ' వంటి మాటలు పిల్లల పేర్లు కాకూడదు. ఎగతాళి చేస్తే పిల్లలు సన్నబడరు. సిగ్గుపడిన పిల్ల ఆటకు రాదు, ఒంటరిగా కూర్చుని తింటుంది. మనం కోరినదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. మెచ్చుకోవడం కూడా ఒంటిని కాకుండా పనిని మెచ్చుకోండి. "సన్నబడ్డావు, బాగున్నావు" అనకండి. "ఎంత దూరం నడిచావు!" అనండి.

"ఎదిగితే అదే తగ్గుతుందిలే" అని కూడా కొందరు అంటారు. కొందరికి తగ్గుతుంది. చాలామందికి తగ్గదు, పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది. కాబట్టి ఊరుకోవడం జవాబు కాదు, తిట్టడమూ జవాబు కాదు. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది: అందరం కలిసి, నెమ్మదిగా, చిన్న చిన్న మార్పులు.

నేను అడిగేవి అయిదు

1. వారం రోజుల్లో ఇంట్లో తీపి పానీయం వద్దు. నీళ్ళు, మజ్జిగ చాలు.
2. రోజుకు ఒక పూటైనా అందరూ కలిసి, టీవీ లేకుండా తినండి.
3. పిల్లలు 'చాలు' అంటే గరిటె ఆపండి.
4. వారానికి ఒకసారైనా పిల్లలతో కలిసి నడవండి.
5. ఏ పిల్ల ఒంటి గురించీ ఎవరి ముందూ మాట్లాడకండి.

ఇవి పెద్ద త్యాగాలు కావు. ఒక్కటితో మొదలుపెట్టినా మంచిదే. మీ గుడిలో, మీ తరగతిలో పిల్లలకు ఏమి పెడుతున్నారో, ఏ ఆటలు ఆడిస్తున్నారో నాకు తెలుగులో రాయండి. తప్పులు ఉన్నా పరవాలేదు, నేనూ అరవై దాటాకే రాయడం నేర్చుకున్నాను.

ఈ వారం మాటలు

చాలు – ఇంక అక్కరలేదు. పెద్దవాళ్ళతో 'చాలండి' అనాలి. సరిపోకపోతే 'చాలదు' అంటారు.

కొసరి వడ్డించడం – వద్దన్నా ప్రేమగా మళ్ళీ మళ్ళీ పెట్టడం.

మారు – రెండోసారి వడ్డించుకునే అన్నం. "మారు కావాలా?" అని అడగవచ్చు, ఒక్కసారే.

మొహమాటం – కావలసినదో అక్కరలేనిదో చెప్పడానికి సిగ్గుపడటం.

ఒళ్ళు చేయడం – బరువు పెరగడం. అర్థం తెలుసుకోండి, పిల్లల ముందు వాడకండి.

ఊబకాయం – ఆరోగ్యానికి హాని చేసేంత కొవ్వు. డాక్టర్లు, పత్రికలు వాడే మాట.

మితం – ఎక్కువా కాదు, తక్కువా కాదు. సరిపడినంత.

అభ్యాసం: ఈ రోజు భోజనం దగ్గర మూడు వాక్యాలు తెలుగులో అనండి. "నాకు కొంచెం పప్పు కావాలి." "నీళ్ళు ఇవ్వండి." "కడుపు నిండింది, చాలు."